నేలకి కట్టిన గజ్జె

ఆ రోజు నేను చేసిన తప్పు చూడ్డానికి చాలా చిన్నది. ఒక సరుగుడు పుల్లని ఉన్నచోటు నుంచి పీకి, ఇవతలగా మళ్ళీ పాతాను. అంతే. పాతాక మడమతో నొక్కి, చుట్టూ గడ్డి సర్ది, ఎవరూ చూడలేదని చూసుకుని, వచ్చి నా గేలం దగ్గర కూర్చున్నాను. చేతికంటిన మట్టిని లుంగీకి తుడుచుకున్నాను. ఆ మట్టి తడిగా, చల్లగా ఉండటం నాకు గుర్తుంది. వరద తీసి చాలా రోజులైనా నేల ఇంకా ఆరలేదని నా చేతికి తెలిసింది. నేను పట్టించుకోలేదు.

ఆ పుల్ల మా డ్రిల్లు మాస్టారిది. మొన్న అమలాపురం బస్టాండు దగ్గర బల్ల మీద కూర్చుని టీ తాగుతుంటే, వెనక రోడ్డు మీద హోంగార్డు ఈల ఊదాడు. గ్లాసు చేతిలో ఉండగానే దిగ్గున లేచి, వెనక్కి నడిచి, కాళ్ళ కింద నేల వంక చూశాను. టీ కొట్టతను భయపడి, "ఏటండీ, పామా?" అన్నాడు. కాదన్నాను. మాస్టారు పోయి నెలలు గడిచినా నా కాళ్ళు ఇంకా ఆయన మాట వింటున్నాయి. ఆయన బతికుండగా విన్నది తక్కువ.

హైస్కూల్లో నాకు డ్రిల్లు చెప్పిన మనిషి. రిటైరయ్యాక కూడా తెల్ల కాన్వాసు బూట్లు మానలేదు. మెడలో నల్లతాడు, దానికి స్టీలు ఈల. చర్చిలో ఉన్నంతసేపూ ఈలని చొక్కా లోపలికి తోసేసి, మెట్లు దిగగానే పైకి తీసేవారు. ఆయనకి ఒక పేరుంది. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. ఇప్పుడు నేనొక్కణ్ణే రాస్తే అది ఆయన కాదనిపిస్తుంది.

అప్పట్లో ఆదివారం వస్తే గేలం పట్టుకుని ఏదో ఒక నీటి ఒడ్డుకి పోవడం మాకు అలవాటయింది. మేమంటే ముగ్గురం. నాది మందుల షాపు. సత్తిబాబు నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. ఏసుబాబు కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. వస్తూ రీలున్న మడత గేలం ఒకటి తెచ్చుకున్నాడు. మొదట్లో ఐనవిల్లి వైపు మురుగుకాలవల మీద కూర్చున్నాం. పలివెల దగ్గర ఎవరిదో చెరువు గట్టెక్కి తిట్లు తిన్నాం. చివరికి రాజోలు దాటాక వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక కొబ్బరితోట దొరికింది.

తోట అంటే సగం తోట. మిగతా సగం ఏట్లో ఉంది. అంచు మీద మిగిలిన చెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతుంటాయి. తొంగిచూస్తే నిలువునా కోసినట్టు ఒండ్రుమట్టి గోడ, దాని అడుగున సుళ్ళు. అలాంటి చోటే చేప నిలుస్తుంది. వేళ్ళ సందుల్లోంచి రాలే పురుగుల కోసం వస్తుందని సత్తిబాబు అంటాడు. ఒక పూటకి బుట్టెడు జెల్లలు పడేవి, అదృష్టం బాగుంటే బొచ్చె.

ఆ తోట మాస్టారిదే. పైన ఉన్న సగమూ, ఏట్లో ఉన్న సగమూ. మేం మొదటిసారి వెళ్ళిన రోజే, చర్చి నుంచి ఇస్త్రీ చొక్కాతో తిన్నగా వచ్చి మా వెనక నిలబడి ఈల ఊదారు.

"నంబర్!" అన్నారు.

నాకు బడి అలవాటు. లేచి నిలబడి "ఒకటి" అన్నాను. సత్తిబాబు అయోమయంగా "రెండండీ" అన్నాడు. ఏసుబాబు నవ్వాపుకుంటూ "మూడు" అన్నాడు. ఆయన తన గుండె మీద వేలు పెట్టుకుని "నాలుగు" అన్నారు. లెక్కలో తనని తాను ఎప్పుడూ చివరనే చెప్పుకునేవారు.

"కూర్చునే ముందు అడగాలని తెలీదంట్రా?"

"మీ తోటని తెలీదండీ మాస్టారూ. తెలిస్తే అడిగేవాళ్ళం."

"నన్ను కాదురా. నేలని."

బూటు మడమతో నేలని గట్టిగా తన్ని, తల వంచి విన్నారు. కాస్త జరిగి మళ్ళీ తన్నారు. మేం కూర్చున్నచోట తన్ని ముఖం చిట్లించారు. "ఇక్కడ బోలుగా పలుకుతోంది. లెగండి, లెగండి." మమ్మల్ని పశువుల్ని తోలినట్టు తోలి, వేరేచోట కూర్చోబెట్టారు. అక్కడ చేపలు లేవు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వచ్చేవారు. ఆయన గేలం పట్టేవారు కాదు. మామూలుగా గేలం కర్ర చివర చిన్న గజ్జె కడతారు, చేప కొరికితే మోగుతుంది. మాస్టారు ఆ గజ్జెని నేలకి కట్టేవారు. రెండు సరుగుడు పుల్లలు తెచ్చేవారు. ఒకటి మేం కూర్చునే అంచున, రెండోది బాగా లోపల, తోటలో పాతేవారు. రెంటి మధ్యా నైలాను దారం బిగించి, నడుమ గజ్జె తగిలించేవారు. ఒడ్డు బీటవేసి తోట నుంచి విడిపోవడం మొదలెడితే దారం లాగుతుంది, గజ్జె మోగుతుంది, ఆయన ఈల ఊదుతారు, మేం లేచి పరిగెత్తాలి. అదీ ఏర్పాటు.

కట్టడం అయ్యాక ఏటికి వీపు పెట్టి కూర్చునేవారు. మేమందరం నీటి మీద బెండు వంక చూస్తుంటే ఆయన ఒక్కరే తోట వంక, గడ్డి వంక, దారం వంక చూసేవారు. ఎవరైనా కొత్తవాడు వస్తే, ఆయన మా మీద అలిగి అటు తిరిగి కూర్చున్నారనుకునేవాడు.

"ఆదివారం పూట చర్చి ఎగ్గొట్టి చేపల దగ్గరికొచ్చేవేంట్రా?" అని ఏసుబాబుని ప్రతిసారీ వేసుకునేవారు.

"ప్రభువే పేతురుగారిని గేలం వెయ్యమన్నారు కదండీ మాస్టారూ."

"ఆ చేప నోట్లో నాణెం దొరికింది. నీకూ దొరికితే తీసుకెళ్ళి కానుకపెట్టిలో వెయ్యి. అప్పుడు మాట్లాడు."

ఇంత సరదా మనిషీ ఏటి మాట వస్తే గొంతు తగ్గించేవారు, అది వింటుందన్నట్టు. ఒకరోజు నాకొక్కడికే చూపించారు. ఏటికేసి తిరక్కుండానే, భుజం మీదుగా బొటనవేలితో.

"ఆ పెద్ద సుడి ఉంది చూడు, అక్కడ మా వంటిల్లు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా దిగిపోయింది. మా అమ్మ గరిటె పట్టుకుని బయట నిలబడిపోయింది. ఆవిడ వాకిట్లోకి వచ్చింది ఆ క్షణమే. ఎందుకొచ్చిందో ఆవిడకే తెలీదు. ముందురోజంతా పిల్లి ఇంట్లోకి రాలేదురా. గుమ్మం దగ్గర కూర్చుని అరిచింది. మేం చీపురుతో కొట్టేం."

"మరి ఆ ఇవతల, నీళ్ళు ఎత్తుగా కనిపిస్తున్నాయి?"

"అది మా నుయ్యి. నుయ్యి పడలేదు. చుట్టూ మట్టంతా పోయింది, ఒరలు నిలువునా అలాగే ఉండిపోయాయి. కొన్నేళ్ళు ఏటి మధ్యన పొగగొట్టంలా కనిపించేది. ఇప్పుడు నీటి కిందకి వెళ్ళింది. అందులో చేపలు చేరతాయి." గొంతు ఇంకా తగ్గించి అన్నారు, "అటు వెయ్యకు. వేసినా పడింది వదిలెయ్యి. మా నూతినీళ్ళు తాగిన చేప."

నవ్వాలో లేదో నాకు తెలియలేదు. ఆయన నవ్వలేదు.

"వరద వచ్చేటప్పుడు అందరికీ భయం," అన్నారు ఇంకోసారి. "వచ్చేటప్పుడు నీళ్ళే ఒడ్డుని ఆనుకుని నిలబెడతాయి. తీసేసేక దానికి ఆసరా ఉండదు. అప్పుడు అందరూ హాయిగా వచ్చి కూర్చుంటారు, మీలాగ. ఏరు మోత పెడుతుంటే పర్లేదురా. మోత ఆగితేనే వెనక్కి చూసుకోవాలి."

ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆయన గజ్జె నూటికి తొంభైసార్లు అబద్ధమే చెప్పేది. దారానికి మేక తగిలినా మోగేది. కొబ్బరిమట్ట రాలినా మోగేది. కుక్క వచ్చి వాసన చూసినా మోగేది. ప్రతిసారీ ఈల, ప్రతిసారీ గేలాలు పారేసి పరుగు, ప్రతిసారీ తోటలో నిలబడి "ఒకటి, రెండు, మూడు, నాలుగు." తిరిగొచ్చేసరికి ఎర పోయేది.

ఆ ఆదివారం మంచి పట్టు మీద ఉన్నాం. వరద తీసి నీరు తేరుకుంటోంది. చేప ఆకలి మీద ఉంది. బెండు వేసిన వెంటనే మునుగుతోంది. అలాంటి రోజు మళ్ళీ రాదని ముగ్గురికీ తెలుసు. ఆ పూటే గజ్జె మాటిమాటికీ మోగింది. ఒకసారి మేక. ఒకసారి కొబ్బరిమట్ట. ఇంకోసారి మాత్రం ఎందుకో తెలియలేదు. చుట్టూ ఏమీ లేదు, గాలి కూడా లేదు.

ఆ మూడోసారి ఈలకి ఏసుబాబు గేలానికి పెద్ద చేప పడి ఉంది. వదిలేసి పరిగెత్తాడు. గేలం దారం తెగిపోయింది.

"నా బొచ్చె పోయిందండీ మాస్టారూ! చెయ్యంతుందండీ బాబూ!"

"చెయ్యి ఉంది కదరా," అన్నారాయన.

సత్తిబాబు విసుగ్గా ఉమ్మేసి, ఏసుబాబుని తీసుకుని చెట్టు వెనక్కి వెళ్ళి బీడీ ముట్టించాడు. మాస్టారు మంచినీళ్ళ కోసం తోటలో బోరు దగ్గరికి వెళ్ళారు. అప్పుడు నేను లేచి లోపలి పుల్లని పీకి, బాగా ఇవతలకి, మేం కూర్చున్న చోటికి దగ్గరగా పాతాను. మిగిలిన దారాన్ని పుల్లకే చుట్టేశాను. మేకలు తిరిగేది లోపలి వైపే కాబట్టి ఇక గోల ఉండదని నా ఆలోచన. నిజానికి ఆలోచన కూడా కాదు, ఒళ్ళుమంట.

మాస్టారు తిరిగొచ్చి దారం వంక చూశారు. కళ్ళు చికిలించారు.

"పుల్ల దగ్గరికొచ్చినట్టుందేంట్రా?"

"ఎండకి అలా కనిపిస్తుందండీ."

పుల్ల జరపడం కన్నా ఈ మాట పెద్ద తప్పు. అడిగినప్పుడు చెప్పే వీలుంది. ఆయన నా ముఖం చూశారు. తన శిష్యుణ్ణి నమ్మారు. తన కళ్ళని నమ్మలేదు.

గజ్జె మోగడం మానేసింది. "పోన్లే, ఇవాళ్టికి ఊరుకుంది," అన్నారు. ఆయన భుజాలు కిందకి దిగడం చూశాను. నాకు లోపల ఎక్కడో సిగ్గేసి, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి మర్యాద మొదలుపెట్టాను. "మాస్టారూ, ఈ ఒక్కసారికి మీరు పట్టండి. ఇటు తిరగండి. గజ్జె ఉంది కదండీ, అదే చెబుతుంది." ఆయన చాలాసేపు వద్దన్నారు. చివరికి తిరిగారు. నేను నా గేలం ఆయన చేతిలో పెట్టాను. బెండు మునిగింది. మాస్టారు చిన్న జెల్లని పైకి లాగి, ముల్లు గుచ్చుకోకుండా పట్టుకుని, "ఒరేయ్, పడిందిరా!" అన్నారు. ఆ గొంతు డ్రిల్లు మాస్టారిది కాదు. నేను వానపాముల డబ్బా తేవడానికి చెట్టు దగ్గరికి వెళ్ళాను. సత్తిబాబూ, ఏసుబాబూ అక్కడే తెగిన గేలం దారం ముడేసుకుంటున్నారు.

ఏటి మోత ఆగింది. అది నాకు వినబడింది, అంటే ఏమీ వినబడలేదు. వెనక్కి తిరిగాను. నాకూ మాస్టారి వీపుకీ మధ్య గడ్డిలో ఒక నల్లగీత ఉంది. చూస్తుండగానే అది వెడల్పయింది. మాస్టారు, నా గేలం, రెండు పుల్లలు, వాటి మధ్య దారం, దారానికి గజ్జె, అన్నీ ఒకే గడ్డ మీద, కుర్చీలో కూర్చున్నవి కూర్చున్నట్టే, నెమ్మదిగా కిందకి దిగిపోయాయి. గజ్జె మోగలేదు. ఎలా మోగుతుంది? రెండు పుల్లలూ కలిసే వెళ్ళాయి.

చప్పుడు తర్వాత వచ్చింది. దాని వెనకే, కింద నుంచి, ఆయన గొంతు.

"నంబర్!"

నేను అంచుకేసి పరిగెత్తాను. "రెండు!" అని సత్తిబాబు అరిచాడు. "మూడండీ!" అన్నాడు ఏసుబాబు.

"ఒకటేడిరా? ఒకటి! ఒరేయ్ ఒకటి!"

అంచు మీద పడుకుని తొంగిచూశాను. మాస్టారు వేలాడే వేళ్ళని ఒక చేత్తో పట్టుకుని ఉన్నారు. రెండో చెయ్యి మెలితిరిగి నీళ్ళలో తేలుతోంది. ఆయన పైకి చూడటం లేదు. నేనూ పడిపోయాననుకుని బురదనీళ్ళలో నా కోసం వెతుకుతున్నారు.

"ఉన్నానండీ, పైనున్నాను."

"నంబరు చెప్పరా!"

"ఒకటి."

"నాలుగు," అన్నారు. అప్పుడు కళ్ళు మూసుకున్నారు. కొబ్బరిచెట్లెక్కే తాడు వేసి ముగ్గురం పైకి లాగాం. ఈల నిండా మట్టి.

అమలాపురం ఆస్పత్రిలో భుజం ఎముకకి కట్టు వేశారు. చూడ్డానికి ఎవరొచ్చినా ఒకటే చెప్పేవారు. "గజ్జె మోగలేదండీ. నా లెక్కే తప్పింది." మొదట్లో ఆశ్చర్యంగా చెప్పేవారు. తర్వాత తర్వాత, క్షమాపణలా. ఇంటికొచ్చాక ఈల మెడలో వేసుకోలేదు. మేకుకి తగిలించారు.

సత్తిబాబూ, ఏసుబాబూ రెండు వారాలు మానేసి మళ్ళీ అక్కడికే వెళ్ళారు. నేనూ వెళ్ళాను. కొత్త అంచు మీద, పుల్లల్లేకుండా కూర్చున్నాం. పుల్లలు పాతుదామని నేను నసిగితే ఏసుబాబు అన్నాడు, "ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదండీ. మాస్టారంతటి మాస్టారికే మోగలేదు." అది అబద్ధమని ఆ ఒడ్డు మీద నాకొక్కడికే తెలుసు. నేను చెట్టుకి దగ్గరగా, లోపలికి కూర్చున్నాను. వాళ్ళని అంచున కూర్చోనిచ్చాను. పుల్ల జరపడం క్షణం సేపటి తప్పు. ఇది ప్రతి ఆదివారం చేస్తూ వచ్చిన తప్పు.

ఒకరోజు ఉండలేక మాస్టారింటికి వెళ్ళి చెప్పేశాను. ఆయన మంచం మీద ఉన్నారు. ఆయన భార్య, నేను అమ్మగారనే ఆవిడ, పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

"ఏ పుల్లరా?" అన్నారు మాస్టారు.

"లోపలి పుల్లండీ."

"ఎంత జరిపేవు?"

చేతులు బారజాపి చూపించాను, ఇలాంటివి కొన్ని అని. ఆయన పైకప్పు వంక చూస్తూ పెదాలు కదిపారు. ఉన్నట్టుండి లేచి కూర్చోబోయారు.

"అయితే మోగేదే! వినబడిందా? గజ్జె మోగేదేనంట!"

"భుజం విరిగింది కదండీ," అన్నారు అమ్మగారు, నా వంక చూడకుండా.

"భుజం సంగతి వదిలెయ్." ఆయన ముఖంలో వెలుగు కాసేపే ఉంది. తర్వాత నెమ్మదిగా నావైపు తిరిగారు. "గుంజీలు తియ్యి."

"ఏవండీ, పెద్దమనిషిని..."

"నా స్టూడెంటు. తియ్యమను."

తల నెరుస్తున్న మనిషిని, చెవులు పట్టుకుని గుంజీలు తీశాను. అమ్మగారు చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మోకాళ్ళు పట్టేసి ఆగిపోతే మాస్టారు అడిగారు, "వాళ్ళు పుల్లలు కట్టుకుంటున్నారా?"

"లేదండీ."

"అంచునే కూర్చుంటున్నారా?"

"ఆయ్."

"మరి నువ్వు ఇక్కడేం చేస్తున్నావురా? నాకు చెబితే ఏం లాభం? వెళ్ళి వాళ్ళకి చెప్పు. ఈ ఆదివారం లోపల చెప్పు."

"ఆయ్, అలాగేనండీ" అన్నాను. ఆదివారం షాపులో సరుకు దిగుతోందని అబద్ధమాడి ఏటికి వెళ్ళలేదు. ఆ వారంలోనే మాస్టారికి జ్వరం వచ్చి, ఆయాసం ఎక్కి, పోయారు. వయసని డాక్టరన్నాడు. ఆ రోజు మింగిన ఏటినీళ్ళకీ దీనికీ సంబంధం లేదన్నాడు. నేను మందులమ్మేవాణ్ణి. ఆ మాట ఎప్పుడు ఎందుకంటారో నాకు తెలుసు.

సమాధుల దొడ్లో, పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అందరం తలో పిడికెడు మట్టి తీసుకున్నాం. నా పక్కన సత్తిబాబు మెల్లిగా, "పాపం, ఆ గజ్జె ఒక్కసారి మోగుంటే..." అన్నాడు.

మట్టి తడిగా, చల్లగా ఉంది.

"మోగేది," అన్నాను. "నేనే పుల్ల జరిపేను." అక్కడే, మట్టి చేతిలో పట్టుకునే మొత్తం చెప్పాను. సత్తిబాబు విన్నంతసేపు విని, తన మట్టి వేసి, చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ మాట్లాడడు. ఏసుబాబు మాత్రం ఒకటే అడిగాడు. "ఇన్ని వారాలు మమ్మల్ని అక్కడ కూర్చోనిచ్చేరా అండీ మీరు?" ఆ 'అండీ' లేకపోతే బాగుండుననిపించింది.

తర్వాత అమ్మగారి దగ్గరికెళ్ళి ఈల అడిగాను. ఆవిడ వెంటనే ఇవ్వలేదు. "ఊదడానికేముంది బాబూ, ఎవరైనా ఊదుతారు. ఎవరూ లెగకపోయినా ఊదాలి," అన్నారు. మళ్ళీ వారం వెళితే మేకు మీంచి తీసి ఇచ్చారు. లోపల మట్టి కడిగించి ఉంచారు.

ఇప్పుడు ఆదివారాలు నేను గేలం తీసుకెళ్ళను. రెండు పుల్లలు తీసుకెళతాను. కొన్నాళ్ళకి ఏసుబాబు మళ్ళీ రావడం మొదలుపెట్టాడు, ఎవరో ఒక కువైట్ స్నేహితుణ్ణి వెంటేసుకుని. వాళ్ళు బెండు వంక చూస్తుంటే నేను వాళ్ళకి వీపు పెట్టి, తోటవైపు తిరిగి కూర్చుంటాను. గడ్డి వంక అంతసేపు చూస్తే గడ్డి కూడా కదిలినట్టే ఉంటుంది.

పోయిన వారం గజ్జె మోగింది. ఒక్కసారే, చిన్నగా. ఈల ఊదాను. స్నేహితుడి చేతిలో చేప ఉంది. బూతు మాట అంటూనే వదిలేసి పరిగెత్తాడు. తోటలో నిలబడ్డాం.

"నంబర్!" అన్నాను.

"ఒకటి," అన్నాడు ఏసుబాబు. "రెండు," అన్నాడు అతను, ఇదేం పిచ్చన్నట్టు. వాళ్ళిద్దరూ చెప్పాక, చివర్న నేను "మూడు" అన్నాను.

చాలాసేపు చూశాం. ఏమీ పడలేదు.

"ఏ మేకండీ ఈసారి?" అన్నాడు ఏసుబాబు.

"కనబడలేదు."

ఏసుబాబు నవ్వబోయి, దారం వంక చూసి ఆగిపోయాడు. అది పొద్దున్న కట్టినదానికన్నా బిగువుగా ఉంది. ఆ రోజు ఇక ఎవర్నీ అంచుకి వెళ్ళనివ్వలేదు. స్నేహితుడు గొణుగుతూనే ఉన్నాడు. నేను లోపలి పుల్ల పీకి, ఇంకా లోపలికి, చెట్ల వెనక్కి తీసుకెళ్ళి పాతాను. మడమతో నొక్కాను. చుట్టూ గడ్డి సర్దలేదు. ఎక్కడ ఉందో అందరికీ కనబడేలా అలాగే వదిలేశాను.